పెదనాన్న గొంతు

ఆమెకు జీతం ఇచ్చేది వినడానికి. ఆ మాట చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

"వినడానికి కూడా జీతమా? అలాగైతే మా ఆయన మాటలు వింటున్నందుకు నాకెంత రావాలమ్మా!" అనేది కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ. ఆమె కూడా నవ్వేసి మెట్లెక్కి వెళ్ళిపోయేది. అంతకుమించి ఎవరికీ చెప్పడానికి వీల్లేని ఉద్యోగం మరి.

ఆఫీసు రేవు వెనక వీధిలో, పాత గోడౌను మేడమీద ఉండేది. బయట బోర్డు లేదు. లోపల కిటికీలన్నీ బిగించేసి, గోడలకు మెత్తని అట్టలు కొట్టి ఉండేవి. వరసగా బల్లలు, బల్లకో రేడియో పెట్టె, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు. నీటికి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద దేశం రేడియోలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం మాట్లాడుతుందో వినడం అక్కడి పని. అందులో రహస్యాలేమీ ఉండవు. వార్తలు, వాతావరణం, పాటల మధ్య కబుర్లు, సబ్బుల ప్రకటనలు. రోజూ చెప్పేది ఒక రోజు చెప్పకపోయినా, ఎన్నడూ చెప్పనిది చెప్పినా పసిగట్టాలి. అంతే.

వాళ్ళది చిన్న దేశం. నీటికి అవతల ఈ పెద్ద దేశం. మహాసముద్రాలు దాటి వెళితే ఇంకో పెద్ద దేశం. ఆ రెంటికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఆఫీసులో మొదటిదాన్ని 'పక్కింటాయన' అనీ, రెండోదాన్ని 'దూరపు చుట్టం' అనీ చాటుగా అనుకునేవాళ్ళు. పక్కింటాయనతో వ్యాపారం, దూరపు చుట్టంతో తుపాకులు.

"బస్సులో ఇద్దరు లావుపాటి వాళ్ళ మధ్య ఇరుక్కున్నవాడి బతుకే మనది" అనేవాడు పక్క బల్ల బాబాయి. "వాళ్ళు తోసుకున్నా నలిగేది మనమే, ముచ్చట్లాడుకుంటూ దగ్గరికి జరిగినా నలిగేది మనమే."

బాబాయి సముద్రపు వాతావరణం వినేవాడు. అలల ఎత్తు వింటూ వింటూ హెడ్‌ఫోన్లతోనే కునుకు తీసేవాడు కాబట్టి అందరూ నిద్రబాబాయి అనేవాళ్ళు. ఆమెను చెవులమ్మ అనేవాళ్ళు. నోట్లో నాలుక లేని మనిషికి చెవులే కదా మిగిలేవి అని ఎవరో వేళాకోళంగా పెట్టిన పేరు, ఇక అదే స్థిరపడిపోయింది.

రోజూ పొద్దున్నే పెద్ద సారు గదిలో అందరూ కూర్చుని, ఒక్కొక్కరే లేచి ముందురోజు విన్నదాంట్లో విశేషం చెప్పాలి. పాత సారు ఉన్నన్నాళ్ళూ అది టీ తాగినంత తేలిగ్గా అయిపోయేది. "మామూలే సార్" అని ఒకరు, "మామూలే సార్" అని ఇంకొకరు. పాత సారుకు ఆ మాటంటే ప్రాణం. "ఈ ఒక్క ముక్క వినడానికేనమ్మా ప్రభుత్వం మనల్ని పోషిస్తోంది. ఇది వినపడుతున్నన్నాళ్ళూ పిల్లలు బడికి వెళ్తారు" అనేవాడు.

ఆమె వాటాకు వచ్చింది మధ్యాహ్నం వార్తలు. చదివేది ఒకే పెద్దాయన. ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం ఇంటికి పెద్దదిక్కులాంటి గొంతు. వరదలొచ్చాయని చెప్పినా, ఆటల్లో గెలిచామని చెప్పినా, 'కంగారు పడకండి, నేనున్నాను కదా' అన్నట్టుండేది. అందుకే ఆఫీసంతా ఆయన్ని పెదనాన్న అనేవాళ్ళు. ఆయనకు జలుబు చేస్తే ఆమెకు ముందే తెలిసేది. కాగితం తిప్పే చప్పుడును బట్టి ఆ రోజు తీరిగ్గా ఉన్నాడో తొందరలో ఉన్నాడో చెప్పేసేది. సొంత పెదనాన్న ఉన్నా అంత శ్రద్ధగా వినేది కాదేమో.

ఆ భాష ఆమెకు తల్లి వైపు నుంచి వచ్చింది. తల్లి అవతలి ఒడ్డు మనిషే. రెండు దేశాలూ సఖ్యంగా ఉన్న రోజుల్లో అక్కను కూడా ఆ ఒడ్డుకే ఇచ్చారు. బావ పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. వారానికొక ఓడ తిరిగేది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి అక్క గుమ్మంలో ఉండొచ్చు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు.

ఆ అక్కకు కళ్ళు మసకలు కమ్మడం మొదలైంది. ఓసారి వచ్చినప్పుడు గ్లాసు పక్కన నీళ్ళు పోసి, "మీ గ్లాసులే జరుగుతాయే, మా ఊళ్ళో కదలకుండా ఉంటాయి" అని నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది.

"కంట్లో ఒత్తిడి పెరుగుతోంది" అన్నాడు డాక్టరు. "ఆపరేషన్ చేస్తే ఉన్న చూపును నిలబెడతాం. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. నాన్చకండి."

అవతలి ఒడ్డున పెద్ద కంటి ఆసుపత్రి ఎక్కడో దేశం నడిమధ్యన ఉంది. అక్కడ వంతు రావాలంటే ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేదు. ఇక్కడైతే ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి ఉంది, ఉద్యోగి తోబుట్టువులకు కూడా చేస్తారు. ఆమె తిరగాల్సిన గదులన్నీ తిరిగి తేదీ ఖాయం చేయించింది. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ మంచం.

సరిగ్గా అప్పుడే పాత సారు వెళ్ళిపోయి కొత్త సారు వచ్చాడు.

కొత్త సారు దూరపు చుట్టం దేశంలో శిక్షణ పొంది వచ్చినవాడు. చిన్న వయసు, ఇస్త్రీ మడత చెడని చొక్కా. వెంట ఆ దేశపు అధికారి ఒకాయన వచ్చి, పొద్దున్నే మీటింగులో మూల కుర్చీలో కూర్చునేవాడు. పొడుగ్గా, మర్యాదగా, అందరికీ తలవంచి నమస్కరించేవాడు. ఇక్కడివాళ్ళ మాటలు కొత్త సారు ఆయన చెవిలో ఆయన భాషలో చెప్పేవాడు. వాళ్ళతో పాటే పెద్ద పెద్ద చెక్కపెట్టెలు దిగాయి. వాటిల్లో యంత్రాలున్నాయట, అన్ని స్టేషన్లూ ఒకేసారి అవే వింటాయట.

"మరి మనమేం చెయ్యాలి?" అన్నాడు బాబాయి. "ఇంటికెళ్ళి పెళ్ళాల మాట వినాలా?"

మొదటి రోజే కొత్త సారు తేల్చేశాడు. "మామూలే అనే మాట ఈ గదిలో ఇక వినపడకూడదు. అవతలివాడు ఊరికే కూర్చోడు. మామూలుగా ఉందంటే మీరు సరిగ్గా వినలేదని అర్థం. చెప్పడానికేమీ లేనివాళ్ళ బల్లలే ముందు లేస్తాయి."

ఇక చూడాలి. నిన్నటిదాకా మామూలే అన్నవాళ్ళకు రాత్రికి రాత్రే చెవులు పుట్టుకొచ్చాయి. ఒకరు సబ్బు ప్రకటన తగ్గిందన్నారు. ఒకరు పాటల్లో దేశభక్తి పెరిగిందన్నారు. బాబాయి కూడా గొంతు సవరించుకుని, "అలల ఎత్తు రెండుసార్లు చదివాడు సార్" అన్నాడు. ఆమె ఒక్కతే లేచి నిలబడి, పెదవులు కదిపి, ఏమీ రాక కూర్చునేది.

"చెవులు వినడానికేనామ్మా, లేక కమ్మలు పెట్టుకోవడానికా?" అన్నాడు కొత్త సారు ఒక రోజు. గదంతా నవ్వింది. కుర్చీలో ఎలా కూర్చుందో ఆమెకే తెలియలేదు. ఖాయమైన ఆసుపత్రి తేదీకి ఇంకా రోజులున్నాయి. బల్ల పోతే అక్క మంచం పోతుంది.

ఆ రోజుల్లోనే పెదనాన్న గొంతు రేడియోలో వినపడకుండా పోయింది. నాలుగు రోజులు ఎవరో కుర్రగొంతు వార్తలు చదివింది. ఐదో రోజు పెదనాన్న తిరిగి వచ్చాడు. కానీ గొంతులో ఏదో తేడా. ఆచితూచి, మాటకు మాటకు మధ్య ఆగుతూ చదువుతున్నాడు. కొన్ని అక్షరాల దగ్గర సన్నగా ఈల వస్తోంది. వెంటనే నాలుక ఎక్కడో తగిలినట్టు చిన్న టక్కు.

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ ఈల ఆమెకు బాగా తెలుసు. నాన్న పళ్ళ సెట్టు కట్టించుకున్న కొత్తల్లో పేపరు బయటికి చదువుతుంటే ఇలాగే వచ్చేది. అక్కా తనూ తలుపు చాటున నిలబడి నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళు.

హెడ్‌ఫోన్లు తీసి బాబాయి మోచెయ్యి పొడిచింది. "బాబాయ్! పెదనాన్న పళ్ళు కట్టించుకున్నాడు."

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "శుభం. ఇన్నాళ్ళకి వేరుశెనక్కాయలు నమలొచ్చు పాపం" అని మళ్ళీ మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున మీటింగులో ఆమె వంతు వచ్చింది. లేచింది. కొత్త సారు గడియారం చూసుకుంటున్నాడు. ఆమె ఏం చెబుతుందిలే అని పక్కవాళ్ళు అప్పటికే గుసగుసల్లో పడ్డారు.

"పెదనాన్న గొంతు మారింది సార్" అంది.

"ఎవరి పెదనాన్న?" నవ్వులు.

"అదే సార్, మధ్యాహ్నం వార్తలు చదివే పెద్దాయన. నాలుగు రోజులు రాలేదు. వచ్చాక చదివే తీరు మారిపోయింది. ఆగి ఆగి, బరువుగా చదువుతున్నాడు."

నవ్వులు ఆగిపోయాయి. కొత్త సారు ముందుకు వంగాడు. మూల కుర్చీలోని పెద్దమనిషి ఏమిటేమిటని అడిగి, చెప్పించుకుని, ఆమె వైపు చూశాడు. ఆ గదిలో అన్ని ముఖాలు ఒకేసారి తన వైపు తిరగడం ఆమెకు అదే మొదటిసారి.

"ఎందుకంటారు?" అన్నాడు కొత్త సారు. ఆ 'అంటారు' అనే మర్యాద కూడా కొత్తే.

పళ్ళ సెట్టు సార్, అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే గది గొల్లుమంటుంది. మళ్ళీ కమ్మల మాట వస్తుంది. బల్ల లేస్తుంది.

"తెలియదు సార్" అంది.

బాబాయి రెండు కళ్ళూ తెరిచి ఆమెను చూశాడు. చూసి, తన బూట్ల వైపు తల దించుకున్నాడు. ఆయనకు కూడా బల్ల ఉంది.

"చూశారా? ఇదీ వినడమంటే!" అన్నాడు కొత్త సారు అందరితో.

ఆ సాయంత్రం ఆమె నిజంగానే సంతోషంగా ఇంటికి వెళ్ళింది. ఎవరినీ ముంచలేదు, ఒక ముసలాయన గొంతు మారిందని ఉన్నమాటే చెప్పింది. దారిలో ఆగి అక్క ఆసుపత్రి మంచానికి నీలంపూల దుప్పటి కొంది. ముదురు రంగులైతే అక్కకు ఇంకా కనపడతాయి.

ఆ వారమే ఓడ ఆగిపోయింది.

రేవు గేటు దగ్గర కాగితం అంటించారు. భద్రతా కారణాల వల్ల, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు రాకపోకలు నిలిపివేయడమైనది. సంచులు పట్టుకుని జనం ఆ కాగితం ముందు నిలబడి, అందులో ఇంకేమైనా రాసి ఉందేమో అన్నట్టు మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. ఆమె కూడా చదివింది. పైవాళ్ళకు ఏదో తెలిసి ఉంటుంది అనుకుంది. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అనుకుంది.

మర్నాడు మీటింగులో కొత్త సారు ముఖం వెలిగిపోతోంది. పైనుంచి మెచ్చుకోలు వచ్చిందట. అవతలి ఒడ్డున యుద్ధనౌకలు రెండు చోటు మారాయి. అదే సమయంలో వాళ్ళ ముఖ్యమైన వార్తల గొంతు నాలుగు రోజులు మాయమై, తిరిగొచ్చి బరువుగా చదవసాగింది. ఏదో పెద్ద ప్రకటనకు ఆయన చేత ముందే రికార్డు చేయించి ఉంటారని దూరపు చుట్టం నిపుణులు లెక్క కట్టారు. రెండూ కలిపి చూస్తే మంచిది కాదన్నారు. ముందు జాగ్రత్తగా ఓడ ఆపమన్నారు.

"మన గదిలో పుట్టిన మాట అక్కడిదాకా వెళ్ళింది" అన్నాడు కొత్త సారు, ఆమె వైపు చెయ్యి చూపిస్తూ. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆమె మీటింగు అయ్యాక సారు గది బయట చాలాసేపు నిలబడి, చివరికి తలుపు తోసింది.

"సార్, ఆ గొంతు సంగతి... ఆయన పళ్ళ సెట్టు కట్టించుకున్నాడు సార్. మా నాన్నకి కూడా అలాగే ఈల వచ్చేది. అంతే సార్, ఇంకేం లేదు."

కొత్త సారు కలం పక్కన పెట్టాడు. "ఆ రోజు తెలియదన్నారు."

"భయపడ్డాను సార్."

"ఇప్పుడు భయం పోయిందా?" ఆయన బల్ల మీది ఫైలు మూశాడు. "మీ అక్కగారు అవతలి ఒడ్డున ఉంటారు కదూ? ఆపరేషన్‌కి రావాలి కదూ?"

"అవును సార్."

"మరి ఓడ ఆగాక, ఇప్పుడొచ్చి, ఏం లేదు సార్ పళ్ళే అంటున్నారు. ఇది నేను పైకి పంపితే మిమ్మల్ని ఏమనుకుంటారో ఆలోచించారా?"

ఇలా కూడా అనుకోవచ్చని ఆమెకు తట్టనే లేదు.

"ఆ మాట ఇప్పుడు మీది కాదమ్మా" అన్నాడు సారు, గొంతు కాస్త మెత్తబరిచి. "పది చేతులు మారింది. పైవాళ్ళు దాని మీద సంతకాలు పెట్టేశారు. వెళ్ళి పని చూసుకోండి. నేనేమీ వినలేదు."

ఆమె వెళ్ళి పని చూసుకుంది. ఆ తర్వాత ఆమెను ఎక్కువ కోసేది ఇదే. సారు వెళ్ళమన్నాడు, తను వెళ్ళింది. ఇంకో తలుపు తట్టలేదు.

వినేవాళ్ళెవరూ అవతలి ఒడ్డుకు ఫోన్లు చెయ్యకూడదని, అక్కణ్ణుంచి వచ్చినవి తీయకూడదని కొత్త నియమం వచ్చింది. ఉత్తరాలు కూడా కూడదన్నారు. అది రాకముందు అక్కతో మాట్లాడిన చివరిసారి అక్క చిరాగ్గా ఉంది. "ఆపరేషనూ వద్దు, గీపరేషనూ వద్దు. నువ్వూ నీ డాక్టరూ కలిసి నన్ను గుడ్డిదాన్ని చేసేట్టున్నారు" అని విసుక్కుని ఫోన్ పెట్టేసింది. అది అక్క భయం. మర్నాటికి తనే నవ్వుతూ చేసేది. ఆ మర్నాడు లేకుండా పోయింది.

ఓడ ఎందుకు ఆపారో పక్కింటాయనకు అర్థం కాలేదు. వీళ్ళు ఏదో తలపెట్టారని తన పడవలను నీటి మధ్యకు తెచ్చి నిలబెట్టాడు. చూశారా, మేం చెప్పలేదా అని దూరపు చుట్టం ఇంకో నౌకను పంపింది.

"మనం తలుపు వేశామని వాళ్ళు గడియ పెట్టారు. వాళ్ళు గడియ పెట్టారని మనం తాళం వేశాం" అన్నాడు బాబాయి, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ. "ఇప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవడికీ తెలీదు."

"నేను చెప్పకపోయుంటే, బాబాయ్?"

"నౌకలెలాగూ కదిలాయిగా అమ్మా. ఇంకేదో దొరికేది వాళ్ళకి." గ్లాసు కింద పెట్టి, "నేను కూడా నోరు విప్పలేదుగా" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకొన్నాళ్ళకు పెదనాన్నకు పళ్ళు అలవాటయ్యాయి. ఈల పోయింది. మునుపటి గొంతే, మునుపటి నిదానమే. ఆమె మీటింగులో లేచి, "ఆయన గొంతు మళ్ళీ మామూలైంది సార్" అంది. ఈసారి గట్టిగానే అంది.

"మామూలు సంగతులు వద్దన్నానా?" అన్నాడు కొత్త సారు. "తర్వాతవారు."

ఆసుపత్రి నుంచి పేషెంటు రాలేదేమని అడిగి, ఆ మంచాన్ని ఇంకెవరికో ఇచ్చారు. బల్లలు కూడా మిగల్లేదు. చెక్కపెట్టెలు విప్పాక ముందు బాబాయిది లేచింది, తర్వాత ఆమెది. పొగడ్తల కాగితం ఒకటి చేతిలో పెట్టి, ఉద్యోగం పోయినా ఓడ మళ్ళీ తిరిగేదాకా ఆ ఫోన్ల నియమం తప్పదని సంతకం పెట్టించుకుని పంపించారు. ఆమె కింది వాటా దర్జీ ఆవిడ దగ్గర గుండీలు కుట్టడానికి కుదురుకుంది. నీలంపూల దుప్పటి మడత విప్పకుండా అలాగే ఉంచింది.

ఏళ్ళు గడిచాయి. ఒక రోజు ఎక్కడో ఒక చల్లని ఊళ్ళో, ఆ రెండు పెద్ద దేశాల పెద్దలు కరచాలనం చేసుకుని నవ్వుతూ ఫోటో దిగారు. వాళ్ళకు ఒకరితో ఒకరికి ఏదో అవసరం పడిందట. మరుసటి నెల రేవు గేటు మీది కాగితం చింపేశారు. దాని కింద గోడ రంగు కొత్తగా ఉంది.

మొదటి ఓడలోనే ఆమె వెళ్ళింది. మొదటి ఓడకే వస్తుందన్న ఆశతో రేవులో బావ నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. సంచి అందుకుని ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"కుడి కన్ను పూర్తిగా పోయిందమ్మా. ఎడమ కంటికి వెలుగు తెలుస్తుందంతే. ఇక్కడ మా వంతు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. నువ్వు ఏడవకు, దానికి ఏడుపు గొంతంటే చిరాకు."

అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఒలిచిన రెబ్బలు గిన్నెలో, పొట్టు ఒళ్ళో.

"వచ్చావుటే! ఇంత ఆలస్యమా? ఓడ మధ్యలో దిగి ఈదుకుంటూ వచ్చావా?" అంది. చేతులు చాచి చెల్లెలి ముఖం తడిమింది. "చిక్కిపోయావు. వండుకోవడం లేదు కదూ?" తర్వాత గొంతు తగ్గించింది. "నా మీద కోపమొచ్చి ఫోన్ మానేశావనుకున్నానే. ఆ రోజు నోటికొచ్చినట్టు వాగాను. నా పాడు నోరు. ఇన్నేళ్ళూ అదే తిప్పుకుంటూ కూర్చున్నా."

ఆమె తట్టుకోలేకపోయింది. అక్క చేతులు పట్టుకుని అక్కడే నేలమీద కూలబడింది.

"నువ్వు కాదక్కా. నేను. ఓడ ఆగింది నా వల్లే."

అక్క చేతిలో వెల్లుల్లి ఆగింది. ఒక్క క్షణం. తర్వాత పకపకా నవ్వింది. "ఏమండోయ్, విన్నారా! మా చెల్లెలు ఓడ ఆపిందట! చిన్నప్పుడు పెరట్లో కోడిని ఆపడం చేతకాలేదు దీనికి!"

"నిజమే అక్కా. ఆ వార్తల పెద్దాయన పళ్ళు కట్టించుకున్నాడు. నాకు తెలుసు. తెలిసీ తెలియదన్నాను. దాన్ని పట్టుకుని..."

"పళ్ళు కట్టించుకుంటే ఓడ ఆపుతారుటే ఎవరైనా?" అక్కకు నవ్వుతో ఊపిరి ఆడడం లేదు. "అంతంత పెద్ద దేశాలు! వాళ్ళకేం పనిలేదనుకున్నావా? ఒంటరిగా ఉండి ఉండి నీకు బుర్ర చెదిరింది. ఇక్కడే ఉండిపో కొన్నాళ్ళు."

బావ నవ్వలేదు. నీళ్ళ చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంజన్లు విప్పి విప్పి, చిన్న మర ఒకటి జారితే ఏమవుతుందో తెలిసిన మనిషి.

సాయంత్రం ఓడ దగ్గర దింపడానికి ఆయనే వచ్చాడు. జనం ఎక్కుతున్నారు. ఆమె సంచి అందిస్తూ, "ఆ మాట నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే బావా."

ఆయన నీటి వైపు తిరిగాడు.

"ఇంకోసారి దానికి చెప్పకు" అన్నాడు. "అది ఇన్నేళ్ళూ తన నోటిని తిట్టుకుంది, ప్రభుత్వాల్ని తిట్టుకుంది. నువ్వొచ్చాక ఇవాళ్టితో ఆ తిట్టుకోవడం మానేసింది. నిన్ను తిట్టుకోవాల్సి వస్తే తట్టుకోలేదు. నమ్మలేదుగా, అలాగే ఉండనీ."

ఆమె తల ఊపింది.

"వచ్చే వారం రా. దానికి పొద్దుపోదు" అన్నాడు బావ. ఆ మాట అనేటప్పుడు కూడా ఆమె ముఖం వైపు చూడలేదు.